వ్యాసరచన తరగతిలో సాహిత్యం: 1914 నాటి తగాదా, నేటి గైడు

1

తెలుగు సాహిత్యం చదివే విద్యార్థికి తెలుగు వాక్యం రాయటం ఎందుకు రాదు? సాహిత్య సభల్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తూనే ఉంటారు. జవాబులూ సిద్ధంగానే ఉంటాయి. పిల్లలు చదవటం లేదు, ఇంగ్లీషు మీడియం వచ్చి పడింది, సెల్‌ఫోన్లు చేతికొచ్చాయి. ఈ జవాబులు పూర్తిగా అబద్ధాలు కావు. కాని తప్పు ఎక్కడున్నా మన బల్ల మీద మాత్రం లేదని చెప్పే సౌకర్యం వీటిలో ఉంది. ఉపాధ్యాయులం గనక ఆ సౌకర్యాన్ని వదులుకుని ఆలోచించటం మన బాధ్యత.

పాఠశాలలోనూ కళాశాలలోనూ తెలుగులో రాయటం నేర్పటానికి మొదటినుంచీ మనం సాహిత్యాన్నే ఆధారం చేసుకున్నాం. వాచకం అంటే సాహిత్యం. వ్యాసం అంటే ఆ సాహిత్యం మీద రాసేది, లేదా ఆ సాహిత్యంలా రాసేది. ఇంతగా సాహిత్యం నింపిన తరగతి గదిలోంచి సొంత వాక్యం రాయలేని విద్యార్థి ఎందుకు బయటికి వస్తున్నాడు? సాహిత్యం చాలకపోవటం వల్ల కాదని నా అభిప్రాయం. ఎవరి సాహిత్యాన్ని, ఏ పనికి, ఎవరి మీద ప్రయోగించాం అన్నది చూడాలి. చూడాలంటే చరిత్రలోకి వెళ్లాలి. మన వ్యాసరచన తరగతికి వందేళ్లు దాటిన ఒక తగాదా చరిత్ర ఉంది. ఆ తగాదాను మనం వ్యావహారిక భాషోద్యమం అనే పేరుతో పాఠంగా చదువుకుని, పరీక్ష రాసి, మరిచిపోయాం. అది మొదట విద్యార్థి పరీక్ష కాగితం మీద జరిగిన తగాదా అన్న సంగతి గుర్తుంచుకోలేదు.

2

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. తెలుగులో ఎం.ఏ. పూర్తి చేసి, పాఠశాల ఉద్యోగం రాకముందు నల్గొండ వైపు ఒక డిగ్రీ కాలేజీలో రెండేళ్లు గెస్ట్ లెక్చరర్‌గా పని చేశాను. చేనేత కుటుంబాల పిల్లలు ఎక్కువగా వచ్చే కాలేజీ అది. ఒకసారి 'శ్రమ విలువ' అనే విషయం మీద వ్యాసం రాయమన్నాను. దాదాపు అన్ని కాగితాలూ ఒక్క తీరుగానే ఉన్నాయి. మానవ జీవితంలో శ్రమకు గల ప్రాముఖ్యం ఎంతో గొప్పదని మొదలుపెట్టి, మహనీయుల పేర్లు నాలుగు చెప్పి, మనమందరమూ శ్రమను గౌరవించాలని ముగించాయి.

ఒక్క అమ్మాయి మాత్రం వాళ్లమ్మ గురించి రాసింది. అమ్మ పొద్దుగూకే దాకా ఆసు పోస్తదని, రాత్రి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తాలంటే ఆ చెయ్యి లేవదని, చీరె అమ్ముడైన నాడు షావుకారు రంగు గురించి మాట్లాడతడు గాని చెయ్యి గురించి మాట్లాడడని రాసింది. నేనేం చేశాను? 'పోస్తది' కింద ఎర్రగీత గీసి 'పోస్తుంది' అని రాశాను. 'మాట్లాడడు' ముందున్న 'గాని'ని 'కాని' చేశాను. 'ఆసు' పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. నాకు ఆ మాట తెలియదు మరి. పదికి నాలుగు మార్కులు వేశాను. గైడు చూసి రాసిన వాళ్లకు ఏడూ ఎనిమిదీ వచ్చాయి.

కాగితాలు ఇచ్చిన రోజు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, 'సార్, మా ఇంట్ల ఇట్లనే అంటం. మంచిగ రాయాల్నంటే ఇగ గైడు చూసే రాస్తా' అంది. కోపంగా అనలేదు. దారి తెలిసింది అన్నట్టుగా అంది. ఆ తరవాత పరీక్షల్లో ఆమెకూ ఏడు మార్కులు వచ్చాయి. ఆమె వాక్యం మళ్లీ నాకు కనపడలేదు.

నేను ఆ కాగితం మీద చేసిన పని నా సొంత కల్పన కాదు. నాకు నేర్పిన వాళ్లు నా కాగితం మీద చేసిందే నేను చేశాను. వాళ్లకు నేర్పిన వాళ్లు వాళ్ల కాగితాల మీద చేసిందే వాళ్లూ చేశారు. ఆ ఎర్రసిరాకు మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే మద్రాసు చేరుకున్నాను.

3

1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ ఏర్పడింది. కుంఫిణీ దొరలకు దేశభాషలు నేర్పటం దాని పని. పాలించవలసిన జనం మాట్లాడేది, కచేరీ కాగితాల్లో రాసేది అర్థం కావాలన్నది వాళ్ల అవసరం. అక్కడి తెలుగు పండితుడు రావిపాటి గురుమూర్తిశాస్త్రి ఈ అవసరం కోసం విక్రమార్కుని కథలను, పంచతంత్రాన్ని వచనంలో రాశాడు. అది వాడుకకు దగ్గరైన వచనం. కరణాలు, లెక్కలు రాసేవాళ్లు, స్థానిక చరిత్రలు రాసేవాళ్లు అంతకుముందునుంచే ఒక తీరు వచనం రాస్తూ వచ్చారు. ఈ కరణాల వచనం ఎంత సజీవంగా ఉండేదో, అచ్చుయంత్రం వచ్చాక పండితుల వచనం దాన్ని ఎలా పక్కకు నెట్టిందో వెల్చేరు నారాయణరావు తన ఆంగ్ల వ్యాసంలో వివరించాడు. తెలుగుకు వచనం లేదు, ఇంగ్లీషువాడు వచ్చి నేర్పాడు అనే మాటను తేలిగ్గా ఒప్పుకోకుండా ఉండటానికి ఈ సంగతి పనికొస్తుంది.

1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చింది. 1858లో ఆయన బాలవ్యాకరణం వచ్చింది. చిన్నయసూరి ప్రతిభను తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు. మిత్రలాభం, మిత్రభేదం కథలను అంత బిగువుగా చెప్పినవాళ్లు అరుదు. కాని ఆయన వ్యాకరణం కావ్యాల భాషకు రాసిన వ్యాకరణం. ఆయన వచనం ఆ కావ్యభాషను వచనంలో పోతపోసిన వచనం. నీతిచంద్రిక పాఠ్యపుస్తకం అయ్యేసరికి ఈ రెండూ కలిసి ఒక చట్టంగా మారాయి. నీతిచంద్రికలా రాస్తే అది తెలుగు, బాలవ్యాకరణానికి లోబడితే అది ఒప్పు, మిగిలిందంతా గ్రామ్యం.

ఇక్కడ జరిగిన మార్పు గమనించాలి. కుంఫిణీ దొరకు తెలుగు నేర్పటానికి వాడుకకు దగ్గరైన వచనం కావలసి వచ్చింది. తెలుగు పిల్లవాడికి తెలుగు నేర్పటానికి మాత్రం వాడుకకు దూరమైన వచనం కావలసి వచ్చింది! మొదటిదాని ఉద్దేశం జనాన్ని అర్థం చేసుకోవటం. రెండోదాని ఉద్దేశం చదువుకున్నవాణ్ణి ఆ జనంలోంచి విడదీయటం. వలస పాలనలో చదువు ప్రధానంగా ఉద్యోగానికి దారి. ఆ దారికి ఒక గేటు కావాలి. కావ్యభాషలో వ్యాసం అలాంటి గేటుగా పనికొచ్చింది.

4

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పరీక్షల పద్ధతి మారింది. 1904లో భారత విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. ఆ తరవాత మద్రాసు విశ్వవిద్యాలయం పాత ఎఫ్.ఏ. స్థానంలో ఇంటర్మీడియట్ పెట్టింది. దేశభాషలో వ్యాసరచనకు కొత్త ప్రాధాన్యం వచ్చింది. అప్పటిదాకా తెలుగు పరీక్ష అంటే పద్యానికి ప్రతిపదార్థం, వ్యాకరణం. ఇప్పుడు విద్యార్థి తనంత తాను రాయాలి. ఏ భాషలో రాయాలి అన్న ప్రశ్న సరిగ్గా అప్పుడే, ఆ కాగితం మీదే మొలిచింది.

1907లో ఉత్తర జిల్లాల స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు బళ్లో వినపడే తెలుగుకూ వాచకంలో కనపడే తెలుగుకూ పొంతన లేకపోవటం వింతగా తోచింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు ఈ ప్రశ్నను చేపట్టారు. 1909లో శ్రీనివాస అయ్యంగారు దేశభాషల జీవన్మరణ సమస్య మీద ఒక ఇంగ్లీషు పుస్తకం వేశాడు. అదే ఏడు కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చింది. 1910లో 'దిద్దుబాటు' వచ్చింది. అంటే వాడుక భాషలో ఎంత గొప్ప సాహిత్యం రాయవచ్చో రుజువు అప్పటికే జనం ముందు ఉంది. కాని ఆ రుజువు పరీక్ష హాలు లోపలికి రావటానికి వీల్లేకపోయింది.

1912-13 ప్రాంతంలో ఒక వెసులుబాటు వచ్చింది. స్కూలు ఫైనలులో వ్యాసాన్ని కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చునన్నారు. ఏ భాష ఎలా ఉంటుందో తెలియటానికి నమూనాలు కూడా చూపించారు. కావ్యభాషకు నీతిచంద్రిక లాంటివి. ఆధునిక భాషకు బ్రౌన్ తెలుగు రీడరు, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఈ రెండో జాబితా దగ్గర ఒక్క క్షణం ఆగాలి. వీరాస్వామయ్య కవి కాడు, పండితుడు కాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830-31లో కాశీకి పోయి వస్తూ దారిలో ఊళ్లు, నీళ్లు, రేవులు, మజిలీలు, మనుషుల అలవాట్లు చూసింది చూసినట్టు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపాడు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. విద్యార్థి వాక్యానికి నమూనాగా కథలోని నక్కలనూ కాకులనూ కాకుండా, ఒక మనిషి తన కళ్లతో చూసి రాసిన వచనాన్ని చూపించటం చిన్న మార్పు కాదు.

గ్రాంథికవాదులు ఊరుకోలేదు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాళ్లకు కోటగా నిలిచింది. 1913లో గిడుగు ఆధునిక తెలుగు మీద ఒక విజ్ఞాపన పత్రం ఇంగ్లీషులో వేస్తే, జయంతి రామయ్య పంతులు కావ్యభాషను సమర్థిస్తూ అదే ఏడు, అదే ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచన విషయం తేల్చటానికి ఉపసంఘం వేసింది. ఉపసంఘంలో గురజాడ పక్షం ఓడింది. ఓడినవాడు ఊరుకోకుండా తన అసమ్మతిని రాసిపెట్టాడు. 1914 నాటి ఆ అసమ్మతి పత్రం మన భాషా చరిత్రలో ప్రసిద్ధం. దాన్ని గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది అది ఏ ఉపసంఘం నివేదిక మీద అసమ్మతో చెప్పకుండా దాటిపోతారు. అది తెలుగు వ్యాసరచన ఉపసంఘం. కన్యాశుల్కం రాసిన మనిషి తన చివరి ఏళ్లలో అంత శక్తినీ పెట్టింది ఒక కుర్రవాడు పరీక్షలో ఏ క్రియారూపం రాయవచ్చు అన్న ప్రశ్న మీద. మరుసటి ఏడు, 1915 నవంబరు 30న ఆయన చనిపోయాడు. స్కూలు ఫైనలులో ఇచ్చిన వెసులుబాటు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. వాడుక భాషకు పరీక్ష కాగితం మీద పూర్తి గుర్తింపు రావటానికి దశాబ్దాలు పట్టింది.

5

ఈ తగాదాలో మూడు వైరుధ్యాలున్నాయి. మన తరగతి గదికి అవి ఈనాటికీ పాఠాలే.

మొదటిది: నిబంధన పెట్టినవాళ్లే ఆ నిబంధన ప్రకారం రాయలేకపోయారు. గిడుగు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం'లో చేసిన పని ఇదే. బాలవ్యాకరణం పేరు చెప్పి పిల్లల వ్యాసాల్ని కొట్టేసే పండితుల రచనల్లోనే బాలవ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు ఎన్ని ఉన్నాయో ఎత్తి చూపాడు. పండితుల్ని ఎగతాళి చెయ్యటం కోసం కాదు. జీవితమంతా ఆ భాషతో గడిపిన పండితుడికే పట్టుబడని భాషలో పదహారేళ్ల పిల్లవాడు మూడు గంటల్లో తన ఆలోచన చెప్పాలనటం న్యాయమా అన్నది ఆయన ప్రశ్న. ఈ ప్రశ్న ఆయనకు రావటానికి ఒక కారణం ఉంది. గిడుగు సవర భాష నేర్చుకున్నవాడు. కావ్యాలు లేని, లిపి లేని భాషను మనుషుల నోట విని, దానికి వ్యాకరణం కట్టి, సవర పిల్లల చదువు కోసం పాటుపడ్డవాడు. వ్యాకరణం పుస్తకంలో పుట్టదు, మాట్లాడే మనిషిలో ఉంటుంది అన్న సత్యం ఆయనకు కొండల్లో తెలిసింది.

రెండోది: వేదం వేంకటరాయశాస్త్రి 1897లో ప్రతాపరుద్రీయం నాటకం రాశాడు. పాత్రోచిత భాష పేరుతో అందులో చాకలి పేరిగాడి లాంటి పాత్రల చేత వాడుక భాష మాట్లాడించాడు. ఆ పాత్రల వల్లే ఆ నాటకం బతికింది. ఆ వేదంవారే భాషా వివాదంలో గ్రాంథికం పక్షాన నిలిచారు. అంటే నాటకంలో చాకలి తన భాష మాట్లాడవచ్చు, మనం చూసి నవ్వుకోవచ్చు. ఆ చాకలి కొడుకు బడికి వచ్చి అదే భాషలో వ్యాసం రాయకూడదు! సాహిత్యంలో శ్రామికుడు పాత్రగా ఉండవచ్చు, రచయితగా ఉండకూడదు. ఈ నియమాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టనక్కర లేకుండానే అమలు జరిగింది. మన తరగతుల్లో ఇప్పటికీ జరుగుతోంది. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లోని మాండలికాన్ని మెచ్చుకుంటూ శిష్టభాషలో జవాబు రాస్తే పది మార్కులు. ఆ మాండలికంలోనే జవాబు రాస్తే ఎర్రగీత. నేను చేసింది అదే గదా.

మూడోది మనవాళ్ల పరిమితి. దీన్ని దాచకూడదు. తెలుగు వ్యాసరచన స్వేచ్ఛ గురించిన పోరాటంలోని ముఖ్యమైన పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తీర్పు చెప్పేవాడు ఇంగ్లీషు దొర గనక అది తప్పలేదు. అలాగే రెండు పక్షాలలోనూ వాదించినవాళ్లు ప్రధానంగా ఆధునిక విద్య అందిన పై కులాలవాళ్లే. గిడుగు, గురజాడ అడిగింది శిష్టుల వాడుక. ఏ శిష్టులు అన్న ప్రశ్నకు ఆచరణలో వచ్చిన జవాబు కోస్తా జిల్లాల చదువుకున్న కుటుంబాల తెలుగు. అది ఆనాటికి పెద్ద విప్లవమే. కాని ఆ గెలుపు స్థిరపడ్డాక, నీతిచంద్రిక కూర్చున్న కుర్చీలో శిష్ట వ్యావహారికం కూర్చుంది. ఉర్దూ పాలనలో తెలుగు బడి కోసమే తంటాలు పడ్డ తెలంగాణకు, రాయలసీమకు, ఉత్తరాంధ్ర పల్లెలకు, దళితవాడలకు ఆ కుర్చీ ముందు నిలబడటం అలవాటైంది. బడిలో నేర్పే భాష వేరు, పలుకుబడిలో బతికే భాష వేరు అని కాళోజీ జీవితమంతా చెప్పింది ఈ సంగతే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తిపదాల కోశం వచ్చింది. 1971లో చేనేత పదాల కోశం వచ్చింది. నేను ప్రశ్నార్థకం పెట్టిన మాటల్లాంటివి నేను పుట్టకముందే పండితులు మగ్గాల దగ్గర కూర్చుని ఏరి అచ్చు వేసి పెట్టారు. ఎం.ఏ. తెలుగు చదివిన నాకు ఆ కోశాన్ని తెరవవలసిన అవసరం కలగకుండానే పట్టా వచ్చింది. నా ఎర్రసిరా ఆ అజ్ఞానంలోంచి వచ్చింది.

6

ఇది మన ఒక్కరి కథే అనుకోనక్కర లేదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం 1874లో ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసం పెట్టింది. షేక్‌స్పియర్, గోల్డ్‌స్మిత్, స్కాట్ లాంటివాళ్ల రచనల మీద వ్యాసం రాయాలి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకే ఈ పరీక్ష. సాహిత్యం చదివించటం దాని అసలు లక్ష్యం కాదు. అక్షరదోషం, విరామచిహ్నం, వాక్యదోషం పట్టుకోవటానికి సాహిత్యం ఒక సాకు. ఆ తరవాత 1885లో మొదటి ఏడాది విద్యార్థులందరికీ తప్పనిసరి రచన తరగతి వచ్చింది. దేశమంతా దాన్ని అనుసరించింది. సాహిత్యాచార్యులు పై అంతస్తులో, కాగితాలు దిద్దేవాళ్లు కింది అంతస్తులో అన్న శ్రమవిభజన కూడా దానితోపాటే పెరిగింది.

1993లో ఆ దేశపు ఆచార్యులిద్దరు ఒక పత్రికలో ఎదురెదురుగా నిలబడ్డారు. రచన తరగతిలో సాహిత్యానికి చోటు లేదని ఎరికా లిండెమన్ వాదించింది. సాహిత్యం పెడితే విద్యార్థి ఇతరులు రాసింది చదివి, దాని మీద పంతులు చెప్పింది వింటాడు గాని తాను రాయడు. అతను చరిత్రలో, విజ్ఞానశాస్త్రంలో, ఇతర రంగాల్లో రాయవలసింది చాలా ఉంది, దానికి తరగతి సిద్ధం చెయ్యాలి అన్నది ఆమె వాదం. గేరీ టేట్ దీనికి బదులు చెప్పాడు. విద్యార్థి కేవలం కాలేజీ కాగితాలు రాసే యంత్రం కాడు, కాలేజీ బయట అతనికో జీవితం ఉంది, ఆ జీవితం గురించి ఆలోచించటానికి సాహిత్యం కావాలి అన్నది ఆయన వాదం.

నాకు ఇద్దరి మాటలోనూ నిజం కనపడుతుంది. లిండెమన్ చెప్పిన జబ్బు మన తరగతిలో ముదిరి ఉంది. మన విద్యార్థి కవి పరిచయం, సందర్భం, భావం, విశేషం అనే నాలుగు గళ్లు నింపుతాడు. అది రాయటం కాదు. ఐతే ఆ జబ్బుకు సాహిత్యాన్ని తీసేయటం మందు కాదు. తీసేస్తే ఆ ఖాళీలోకి వచ్చేది ఏమిటి? దరఖాస్తు, ప్రకటన, నివేదిక. ఉద్యోగికి కావలసిన నమూనాలు. ఎదురు ప్రశ్న వెయ్యటానికి కావలసిన వాక్యం అందులో దొరకదు. శ్రామికవర్గపు పిల్లవాడికి దరఖాస్తు రాయటం మాత్రమే నేర్పి చాలుననటం మరో రకం గేటు.

7

కనక రచన తరగతిలో సాహిత్యం ఉండాలి. ఏ పనికి ఉండాలి?

సాహిత్యాన్ని భాషకు అచ్చుగా వాడితే నీతిచంద్రిక నాటి ఫలితం వస్తుంది. వ్యాసానికి విషయంగా వాడితే హార్వర్డు ఫలితం, మన గైడు ఫలితం వస్తుంది. ఇంకొక వాడకం ఉంది. ఒక రచయిత దేన్ని చూశాడు, దేన్ని లెక్కపెట్టాడు, దేన్ని వదిలేశాడు, ఎక్కడ నిలబడి చూశాడు అని అడగటానికి సాహిత్యాన్ని వాడవచ్చు. అది చూపు నేర్పే వాడకం. వాక్యం చూపు వెంట వస్తుంది.

ఇప్పుడు నేను పనిచేసే ఉన్నత పాఠశాలలో పై తరగతుల వాళ్లకు కాశీయాత్ర చరిత్రలోంచి ఒక పేజీ చదివి వినిపిస్తాను. అర్థతాత్పర్యాలు అడగను. ఈ మనిషి ఒక ఊరు చేరగానే మొదట ఏం చూస్తున్నాడు అని అడుగుతాను. నీళ్లు చూస్తాడు సార్, దిగటానికి జాగా చూస్తాడు సార్ అంటారు. ఐతే మీరు మన ఊరి చెరువు దగ్గరికి పోయి చూసి రాయండి అంటాను. ఒకసారి ఒక పిల్లవాడు చెరువుకు తూములెన్ని, ఏ తూము కింద ఎవరి పొలాలున్నాయి అని రాసుకొచ్చాడు. తూము పక్కన పొలాలు ఎవరివి, నీళ్లు చివరికి అందేవి ఎవరివి అని వరసగా రాసేసరికి ఊరి కులాలూ భూములూ కాగితం మీదికి వచ్చాయి. అతను 'దోపిడీ' అనే మాట వాడలేదు. వాడనక్కర లేకపోయింది. 'మా పొలం ఆఖర్కుంటది, అలుగు పారిన ఏడే మాకు పంట' అని ముగించాడు. నేను 'ఉంటది'ని దిద్దలేదు.

అసలు దిద్దనే దిద్దనని కాదు. అలా అంటే అది బాధ్యత తప్పించుకోవటం. నేను ఇప్పుడు తప్పుల్ని మూడు రకాలుగా విడదీస్తాను. ఒత్తు తప్పితే, దీర్ఘం తప్పితే అది తప్పు, దిద్దాలి. వాక్యం మొదలైన చోటికీ ముగిసిన చోటికీ సంబంధం తెగితే అది ఆలోచన తెగటం. దాన్ని పిల్లవాడి పక్కన కూర్చుని సరి చేయించాలి. ఇంటి మాట కాగితం మీదికి వస్తే అది తప్పు కాదు. దాని పక్కన శిష్టరూపం కూడా రాసి, పరీక్షలో ఇది అడుగుతారు, రెండూ నీవే అని చెప్పాలి. పిల్లవాడికి ఉద్యోగపు భాష అందకుండా చేసి, మాండలికాన్ని మెచ్చుకుంటూ కూర్చోవటం మన అభ్యుదయం కాకూడదు. మాండలికం రాసినంత మాత్రాన వాక్యం నిజమైపోదు గూడా. ఈ మధ్య మాండలికంలోనూ గైడు భాష తయారవుతోంది.

ఇక గైడు సంగతి. ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో తయారైన తెలుగు వాచకాల్లో పాఠం చివర 'స్వీయరచన' అనే శీర్షిక పెట్టారు. మంచి ఆలోచన. మార్కెట్లోకి వచ్చిన గైడుల్లో ఆ స్వీయరచనకు కూడా జవాబులు అచ్చు వేశారు. 'మీ ఊరి గురించి రాయండి' అన్న ప్రశ్నకు జవాబు ఊరు పేరు దగ్గర ఖాళీ వదిలి ఉంటుంది. రాష్ట్రంలోని ఊళ్లన్నిటికీ ఒకే ఊరు! గైడు వేసినవాణ్ణి తిట్టి లాభం లేదు. గైడుకు ఏడు మార్కులు వేసి, చెయ్యి లేవని తల్లికి నాలుగు మార్కులు వేసే పంతులు ఉన్నంతకాలం గైడు అమ్ముడవుతుంది. గైడు లాభం మన ఎర్రసిరాలోంచే వస్తోంది.

ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజు ఆంధ్రప్రదేశ్‌లో జరుపుకుంటారు. సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజు తెలంగాణలో జరుపుకుంటారు. రెండు చోట్లా ఉపన్యాసాలుంటాయి, దండలుంటాయి, పిల్లలకు వ్యాసరచన పోటీలు కూడా ఉంటాయి. ఆ పోటీ కాగితాలు దిద్దటానికి నన్నూ పిలుస్తారు. కిందటిసారి వచ్చిన కట్టలో గిడుగు సేవల మీద, కాళోజీ సేవల మీద వ్యాసాలన్నీ మానవ జీవితంలో మాతృభాషకు గల ప్రాముఖ్యం ఎంతో గొప్పదనే మొదలయ్యాయి. ఆ వాక్యం రాసినవాళ్లకు మార్కులు తగ్గించటానికి నాకు చెయ్యి రాలేదు. వాళ్లు మేం అడిగిందే ఇచ్చారు.

రచయిత మిత్రులకూ అధ్యాపక మిత్రులకూ నా విన్నపం ఒక్కటే. వ్యావహారిక భాషోద్యమం గెలిచిందని మనం రాసుకున్న చరిత్రను ఒకసారి విద్యార్థి కాగితం పక్కన పెట్టి చూడండి. 1914లో గురజాడ అసమ్మతి తెలిపిన విషయం ఆ కాగితం మీద ఇంకా తేలలేదు. రేపు కట్ట విప్పినప్పుడు, ఎర్రకలం తియ్యబోయే ముందు, తెలియని మాట కింద గీత గీసే బదులు ఆ మాటకు అర్థం ఏమిటని ఆ పిల్లనే అడుగుదాం. నేను ఆ రోజు అడిగి ఉంటే ఆసు అంటే ఏమిటో నాకు తెలిసేది, ఆ అమ్మాయి రెండో వ్యాసం కూడా రాసేది.